ఎర్రగుడి బండలు, మసూరు స్టేషను, మా సుగ్గి


మొన్న ఆదివారం పిల్లల్ని ఎర్రగుడికి తీసుకపోయినా. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారే. అశోకుడి శాసనాల బండలు చూపించి, బాటల వెంబడి మనుషులకీ పశువులకీ బావులు తవ్వించినట్లు అందులో ఉందని చెప్పినా.

"నాయనా, ఆ బావుల్లో మనోళ్లని తోడుకోనిచ్చినారా?" అనె చిన్నోడు.

బండ మీదే కూచోని 1901 నాటి సంగతి చెప్పినా. ఎండాకాలం సెలవులకు తండ్రి దగ్గరికి బయల్దేరిన భీమ్‌రావు, అన్న, అక్క కొడుకు. మంచి బట్టలేసుకోని మసూరులో రైలు దిగినారు. మహర్లని తెలిసినాక బండి కట్టేవాడు లేడు. చివరికొకడు రెట్టింపు బాడిగకు ఒప్పుకున్నాడు, అదీ తోలేది పిల్లలే, వాడు పక్కన నడుస్తాడు. చేతిలో అన్నముంది. నీళ్లిచ్చేవాళ్లు లేక తినకుండానే పడుకున్నారు.

ఇప్పుడు బస్సుల్లో కులం అడగరు, నిజమే. కానీ మా పల్లెల్లో పిల్లల్తో చేసే పెద్ద ప్రయాణం ఇంకా సుగ్గే. వాన మోసం చేస్తే గిన్నెలు, బియ్యం, చంకబిడ్డతో గుంటూరు మిరప చేన్లకు. ఇంటికాడ ముసలోళ్లు. బడి సగంలోనే ఆగిపోతాది. 'సెలవుల్లో ఎక్కడికి పోయినారు' అని వ్యాసం రాయమంటే ఆ పిల్లోడు ఏం రాయాల?

టూర్లు మనకెందుకు, ఆ డబ్బు ఉద్యమానికియ్యండి అంటారు కొందరు మిత్రులు. నేనొప్పుకోను. కూలికి కాకుండా, ఊరికే చూసొచ్చేదానికి బిడ్డతో బస్సెక్కడం కూడా మనకు దక్కనియ్యనిదే. అది అందరికీ దక్కాలంటే ఊర్లో పని దొరకాల. ఉపాధి కూలి టైముకు పడాల. సుగ్గి పిల్లలకు సీజనల్ హాస్టళ్లు బండ్లు కదలకముందే తెరవాల, కదిలిపోయినాక కాదు.