ఆట సామాను అని నవ్వేవాళ్లకు: పోడు కొలిచే మిషన్ మన చేతిలో ఉండాలి



హాస్టల్ పిల్లలం కలిసి ఒక జీపీఎస్ మిషన్ కొనుక్కుంటాం, తలా కొంచెం చందా ఇవ్వండి అని అడిగితే మన గ్రూపులోనే కొందరు నవ్వారు. ఒక అన్న అయితే, "అది అమెరికా వాళ్లు అడవిలో డబ్బాలు దాచుకుని వెతుక్కునే ఆట సామాను. పరీక్ష ఫీజుకు డబ్బుల్లేవు గానీ మీకు ఆటలు కావాలా? ఫోన్‌లో జీపీఎస్ లేదా?" అని రాశాడు. అన్న మీద మాకు గౌరవం ఉంది. ఆ మాట మీద లేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాం, ఓపికతో చదవండి.

ముందు ఆట సంగతి. అవును, ఆటే. పేరు జియోకాచింగ్. జీపీఎస్ అమెరికా సైన్యానిది. మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ను వాళ్లు కావాలనే చెడగొట్టి వదిలేవాళ్లు. దాంతో మిషన్ వంద మీటర్ల దాకా తప్పు చూపించేది. 2000 మే 2న ఆ చెడగొట్టుడు ఆపేశారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన బీవర్‌క్రీక్ దగ్గర చెట్లలో ఒక బకెట్ పెట్టి, దాని అక్షాంశం, రేఖాంశం ఇంటర్నెట్‌లో చెప్పాడు. కొద్ది రోజుల్లోనే జనం వెతుక్కుంటూ పోయి పట్టుకున్నారు. అక్కడి నుంచి ఆట ప్రపంచమంతా పాకింది. డబ్బా దొరికితే అందులో ఉన్న పుస్తకంలో పేరు రాయాలి, ఏదైనా తీసుకుంటే అంత విలువైనది ఇంకోటి పెట్టాలి. ఇంకో నియమం కూడా ఉంది, అది మాకు బాగా నచ్చింది. డబ్బా పెట్టే ముందు ఆ భూమి ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోవాలి.

ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టడానికే భూమి వాళ్లను అడగాలని ఆటగాళ్లు పెట్టుకున్నారు. మన తాతలు కొట్టిన పోడు చుట్టూ అదే మిషన్ పట్టుకుని తిరిగిన వాళ్లు మనల్ని ఏం అడిగారు?

మాలో ఒకరి ఊళ్లో కొలత రోజు ఏం జరిగిందో చెప్తాం. వచ్చినవాళ్లు ఇద్దరు. ఎండ బాగా ఉంది. చేను చుట్టూ ముళ్లకంప. కంప పక్కన నడిస్తే ప్యాంటు చిరుగుతుందని, కంపకు నాలుగైదు అడుగులు కాదు, ఇంకా లోపలికి, మెత్తగా ఉన్న చోట నడుచుకుంటూ పోయారు. పెదనాన్న "సారూ, గట్టు అది కాదు, ఆ ఇప్పచెట్టు అవతలిది" అన్నాడు. "మిషన్ తప్పు చెప్పదు పెద్దాయనా" అన్నారు. నిజమే, మిషన్ తప్పు చెప్పలేదు. వాళ్లు ఎక్కడ నడిచారో అదే చెప్పింది.

లెక్క వేసి చూద్దాం. రెండెకరాల చదరం చేను అనుకోండి. ఒక్కో పక్క సుమారు 90 మీటర్లు. గట్టు మీద కాకుండా చుట్టూ 3 మీటర్లు లోపలికి నడిస్తే పక్క 84 మీటర్లు అవుతుంది. 84ని 84తో గుణిస్తే 7056 చదరపు మీటర్లు. అంటే ఎకరం ముప్పావు కూడా రాదు. పది గుంటలు పోయినట్టే. ఆంధ్ర వైపు తమ్ముళ్ల లెక్కలో పాతిక సెంట్లు. ఇది శాటిలైట్ తప్పు కాదు, చెట్ల తప్పు కాదు. మూడు మీటర్లు అంటే పెద్ద మనిషి నాలుగడుగులు. ఎకరం చేనుకైతే ఇదే నడకలో ఏడు గుంటలు పోతాయి. చేను చిన్నదయ్యే కొద్దీ పోయే వంతు పెరుగుతుంది. మన చేలన్నీ చిన్నవే.

ఇంకో రకం ఉంది. చేను వంకర టింకరగా వాగు వెంట ఉంటుంది. చుట్టూ నడవకుండా నాలుగు మూలల్లో నాలుగు పాయింట్లు కొట్టి, మధ్యలో గీత గీసేస్తారు. వాగు వైపు ఉబ్బిన ముక్కంతా గీతకు బయట పడుతుంది. కాగితం మీద అది అడవి.

2023 జూన్ 30 నుంచి తెలంగాణలో పోడు పట్టాలు ఇచ్చారు. లక్షన్నర మందికి పైగా, నాలుగు లక్షల ఎకరాలకు పైగా. ఇచ్చినందుకు మేము కాదనడం లేదు. కానీ భాగించి చూడండి, తలకు మూడెకరాలు కూడా రాలేదు. అంత చిన్న చేలల్లో గట్టు మీద నడిచారా, లోపల నడిచారా అన్నది ఒక కుటుంబం తిండి గింజల ప్రశ్న.

"చట్టం వాళ్ల చేతిలో ఉంది, మనం ఏం చేస్తాం" అనేవాళ్లకు ఒక మాట. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం క్లెయిమ్ పని మొదలుపెట్టేది గ్రామసభ. పొలానికి వెళ్లి చూసి, ఎంత ఉందో తేల్చేది అటవీ హక్కుల కమిటీ. అధికారులకు ముందుగా చెప్పాలి, వాళ్లు రావాలి, సంతకం పెట్టాలి. కమిటీ వాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి వీళ్లు కొలుచుకొచ్చే పద్ధతి చట్టంలో లేదు. 2012లో సవరించిన నియమాల్లో ఇంకా స్పష్టంగా ఉంది: శాటిలైట్ బొమ్మలు, ఇతర టెక్నాలజీ మిగతా సాక్ష్యాలకు తోడుగా వాడాలే గానీ వాటి బదులు కాదు. ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, గట్టు కూడా సాక్ష్యమే. గుజరాత్‌లో నర్మద జిల్లా ఆదివాసీ ఊళ్లలో ఆర్చ్ వాహిని అనే సంస్థతో కలిసి జనమే జీపీఎస్ పట్టుకుని తమ చేలు తామే కొలుచుకున్నారు. వాళ్లేమీ ఇంజనీర్లు కారు. మనలాంటి పిల్లలే.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఫోన్ పనికిరాదని మేము అనం. అలా అంటే అబద్ధం. ఒక చోట నిలబడి ఒక పాయింట్ తీసుకోవడానికి ఇప్పటి ఫోన్లు సరిపోతాయి, కొన్ని కొత్త ఫోన్లు పాత చేతి మిషన్ల కంటే బాగానే చూపిస్తాయి. ఇంకో మాట, టవర్ లేకపోతే ఫోన్ జీపీఎస్ పనిచేయదని మనలో సగం మంది నమ్ముతున్నారు. అది తప్పు. సిగ్నల్ వచ్చేది 20 వేల కిలోమీటర్ల పైనున్న శాటిలైట్ల నుంచి. నాలుగు కనబడితే చాలు. సిమ్ లేకపోయినా స్థానం చూపిస్తుంది. మ్యాప్ బొమ్మ లోడ్ కాదు, మొదటిసారి పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

మరి ఎందుకు మిషన్? మా గుంపు ఒక ఆదివారం ఫోన్‌తో చేను చుట్టూ తిరిగి చూసింది. ఫోన్ జేబులో పెట్టగానే బ్యాటరీ పొదుపు అంటూ యాప్ ఆగిపోయింది. సగం చేను గీత లేదు. ఎండలో తెర కనబడలేదు. మధ్యాహ్నానికి చార్జింగ్ ఇరవై శాతం. గూడెంలో కరెంటు వచ్చేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. చేతి మిషన్‌కు రెండు చిన్న పెన్సిల్ సెల్లులు చాలు, చాలా ఈట్రెక్స్ రకాలు 25 గంటల దాకా నడుస్తాయని కంపెనీ చెప్తుంది. సెల్లు అయిపోతే సంతలో దొరుకుతుంది. వానలో తడిసినా, బండ మీద పడినా తట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, అది ఎవరి సొంతమూ కాదు, ఊరిది. ఫోన్ అయితే పిల్లాడు హైదరాబాద్ పోతే ఊరి కొలతలన్నీ వాడి జేబులో పోతాయి.

ఏది కొనాలి అని అడిగిన వాళ్లకు. గార్మిన్ ఈట్రెక్స్ 10 పాతది దొరికితే చవక. కానీ తెర నలుపు తెలుపు, మెమరీ కార్డు పెట్టే చోటు ఉండదు. నేర్చుకోవడానికి మంచిదే. ఈట్రెక్స్ 22ఎక్స్ రంగుల తెర, కార్డు పడుతుంది, నడిచిన గీతకు విస్తీర్ణం అదే లెక్క కట్టి చూపిస్తుంది. 32ఎక్స్‌లో దిక్సూచి, గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పేది అదనం. కొండలెక్కే వాళ్లకు బాగుంటుంది, చేను కొలవడానికి ఆ అదనం డబ్బు దండగ అని మా అభిప్రాయం. దట్టమైన అడవిలో తిరిగే పని ఎక్కువైతే జీపీఎస్‌మ్యాప్ రకం చూడండి, పైన కొమ్ములా యాంటెనా ఉంటుంది. అది చెట్ల కింద ఇంకొంచెం మెరుగు. 65, 67 లాంటివి రెండు ఫ్రీక్వెన్సీల సిగ్నల్ పట్టుకుంటాయి, బాగుంటాయి, ధర మన చందాకు అందదు. శాటిలైట్‌తో మెసేజ్ పంపే ఇన్‌రీచ్ రకం మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మన దేశంలో దానికి అనుమతి కావాలి. తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకులనే పట్టుకున్నారు. మన గూడెం పిల్లాడి చేతిలో కనబడితే ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు.

మామూలు మిషన్‌కు ఆ బాధ లేదు. 2021 ఫిబ్రవరి 15 నాటి కేంద్రం మార్గదర్శకాల ప్రకారం మన దేశ పౌరులు మ్యాపింగ్ చేసుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, నిషేధించిన చోట్లు తప్ప. అయినా అడవిలోకి పోయేటప్పుడు ఒంటరిగా పోకండి. గ్రామసభ తీర్మానం నకలు, కాలేజీ ఐడీ కార్డు జేబులో పెట్టుకోండి. చట్టం ఒకటి, దారిలో ఆపేవాళ్ల అనుమానం ఒకటి.

వాడేటప్పుడు కొన్ని సంగతులు. ఆన్ చేయగానే నడవకండి. చాలా రోజులు మూలన పడి ఉన్న మిషన్‌ను ఆకాశం కనబడే చోట పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈట్రెక్స్‌ను తెర పైకి ఉండేలా అరచేతిలో పరిచి పట్టుకోండి, కొమ్ము యాంటెనా ఉన్నదాన్ని నిలువుగా పట్టుకోండి. తెర మీద "ఇన్ని మీటర్లు" అని చూపే ఖచ్చితత్వం మిషన్ సొంత అంచనా మాత్రమే. దాన్ని ప్రమాణంలా నమ్మకండి. ఖాళీ చేలో మూడు నుంచి అయిదు మీటర్లు, ఇప్పచెట్టు కింద పది మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. మూల రాయి చెట్టు కింద ఉంటే సగటు తీసే ఆప్షన్ వాడండి. ఒకసారి తీసి, గంటన్నర తర్వాత మళ్లీ తీయాలి, అలా నాలుగైదు సార్లు. ఒక్కరోజు పని ఎక్కువవుతుంది, అవ్వనీ. టేకు ఆకు రాల్చిన ఎండాకాలంలో కొలిస్తే ఇంకా మంచిది.

సెట్టింగుల్లో డేటమ్ అని ఉంటుంది. డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో చూడండి. పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఎవరెస్ట్ అనే వేరే లెక్క మీద గీసినవి. రెండిటినీ కలిపేస్తే మన ప్రాంతంలో చేను వంద మీటర్లు దాటి పక్కకు జరుగుతుంది. అంటే మన చేను ఇంకొకరి చేను మీద, లేదా రిజర్వు ఫారెస్టులో పడుతుంది. ఎన్ని క్లెయిములు ఇలా పక్కకు జరిగి పోయి ఉంటాయో అనిపిస్తుంది.

అంకెలు రాసే పద్ధతి ఇంకో గండం. జియోకాచింగ్ వాళ్లు డిగ్రీలు, మినిట్లు, మినిట్‌లో దశాంశాలు రాస్తారు. ఫోన్ డిగ్రీలోనే దశాంశాలు రాస్తుంది. 17 డిగ్రీల 41.500 మినిట్లను ఎవరైనా 17.415 అని ఎక్కించారనుకోండి, అసలు అది 17.6917 కావాలి. చేను 30 కిలోమీటర్ల దూరం పోయింది. అందుకే కాగితం మీద అంకెతో పాటు ఏ పద్ధతిలో రాశారో కూడా రాయించండి. నకలు అడగండి, ఫోటో తీసుకోండి.

కొండ వాలు గురించి ఒకటి చెప్పాలి, లేకపోతే మనమే అన్యాయంగా మాట్లాడినట్టు అవుతుంది. మిషన్ భూమిని పైనుంచి చూసినట్టు చదునుగా లెక్క కడుతుంది. 30 డిగ్రీల వాలు మీద నిజంగా ఎకరం దున్నుతుంటే మిషన్‌లో 35 గుంటలు కూడా కనబడదు. అది మోసం కాదు, దేశంలో భూమి రికార్డులన్నీ చదును లెక్కే. దీన్ని పట్టుకుని గొడవపడితే మన అసలు గొడవ కూడా పలచబడుతుంది.

ఇక ఆట. ఈ అంకెల గొడవంతా పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మర్చిపోతాం. మేము పాత టిఫిన్ డబ్బా ఒకటి కాలేజీ వెనక గుట్ట మీద దాచి, అంకెలు రాసిచ్చి, జూనియర్లను పంపించాం. ముందుగా అక్కడి వాచ్‌మన్ తాతను అడిగాం. మొదటి రోజు ఒక్కరూ పట్టుకోలేదు. పది మీటర్ల దాకా మిషన్ తీసుకుపోతుంది, ఆ తర్వాత కళ్లతో వెతకాలని వాళ్లకు కాళ్లతో అర్థమైంది. మూడో ఆదివారానికి పదో తరగతి పిల్ల పావుగంటలో పట్టుకుంది. రేపు ఆమె ఊళ్లో ఎవరైనా వచ్చి "మిషన్ తప్పు చెప్పదు" అంటే ఆమె ఊరుకుంటుందా? అన్న నవ్విన ఆట ఇదే.

ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకున్నాం. వేల్పుల గుడి, చనిపోయినవాళ్లను పెట్టిన చోటు, తేనె పట్టే బండలు, మందు చెట్లు ఉన్న చోట్లు, వీటి అంకెలు ఎక్కడా పెట్టం. గ్రూపులో కూడా పెట్టం. సామూహిక హక్కుల కోసం పటం గీసినా అది గ్రామసభ పెట్టెలో ఉండాలి. దారి తెలిస్తే ఎవరు వస్తారో మనకు అనుభవమే.

చందా ఇవ్వలేని వాళ్లు ఇవ్వక్కర్లేదు. మూడు పని దినాలు ఇవ్వండి. వచ్చే సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మీ ఊరి పట్టా కాగితాల్లో ఎంత రాసి ఉందో, నిజంగా దున్నేది ఎంతో రాసుకుని రండి. మిషన్ రాకముందే 30 మీటర్ల టేపుతో రెండు పక్కలు కొలవచ్చు. ఒక కొస మీరు పట్టుకోండి, ఇంకో కొస మీ పెద్దాయన పట్టుకుంటాడు, గట్టు ఎక్కడుందో ఆయనకు తెలుసు.