పదే పదే అడిగే పాస్‌వర్డ్

ఇబ్న్ ఖల్దూన్ వీధిలోని కంప్యూటర్ దుకాణాలకు పేరుపొందిన హవల్లీలో సైతం, కార్యాలయపు ఔట్‌లుక్ పదే పదే పాస్‌వర్డ్ అడిగితే చాలామంది మళ్ళీ మళ్ళీ టైపు చేస్తూనే ఉంటారు. ఇది వ్యర్థప్రయాస మాత్రమే కాదు, ప్రమాదకరమైన అలవాటు కూడా.

సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా ప్రశ్న ఆగకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. పాస్‌వర్డ్ మార్చిన పిదప పాతది విండోస్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో మిగిలిపోవచ్చు. తాళం మారినా పాత తాళంచెవినే తిప్పుతున్నట్లు, ప్రోగ్రాము దానినే పంపుతుంది. దానిని తొలగించాలి. లేదా ప్రోగ్రామే పాతబడి ఉండవచ్చు. కేవలం పేరు, పాస్‌వర్డ్‌లతో ప్రవేశమిచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ఛేంజ్ ఆన్‌లైన్‌లో 2022 అక్టోబరు 1 నుండి క్రమంగా నిలిపివేసింది. కొత్త పద్ధతి ఎరుగని ఔట్‌లుక్ 2010లో ఎన్నిమార్లు టైపు చేసినా ఫలితం శూన్యం.

అడిగిన ప్రతిసారీ ఇవ్వడానికి అలవాటుపడిన చేయి, అడిగేదెవరో చూడదు. మోసగాళ్ళ నకిలీ పుటలకు కావలసింది అదే. ఉద్యోగ వ్యవహారాలన్నీ ఈమెయిల్‌లోనే ఉన్న ప్రవాసికి ఆ నష్టం చిన్నది కాదు. కనుక రెండవమారు అడిగినప్పుడే ఆగి, కార్యాలయపు కంప్యూటర్ విభాగానికి తెలపడం మేలు. కారణం వెదకి సరిచేయడం ఆ విభాగం బాధ్యత. ఉద్యోగి ఓర్పు అందుకు ప్రత్యామ్నాయం కారాదు.