పాత కారు తడబాటు: లోపం తెలిశాకే మరమ్మతు

కారు మామూలుగానే నడుస్తుంది. ముందున్న లారీని దాటేందుకు యాక్సిలరేటర్ తొక్కగానే మాత్రం ఒక్క క్షణం తడబడి, ఆ తర్వాతే వేగం అందుకుంటుంది. ఎదురుగా బస్సు వస్తుండగా, వెనుక సీట్లో భార్యాబిడ్డలు కూర్చుని ఉండగా, ఆ ఒక్క క్షణమే ప్రాణాపాయం కాగలదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. కనుక ‘పాత బండి ఇంతే’ అని సరిపెట్టుకోరాదు. అలాగని ఊహ మీద ఒక్కో భాగాన్నీ మార్పించుకుంటూ పోవడం దుబారా. దుబారాను దివ్యఖుర్‌ఆన్ నిషేధించింది.

తడబాటు ఎప్పుడు వస్తోందో ముందుగా గమనించండి. సగం జవాబు అందులోనే ఉంటుంది. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800ను ఉదాహరణగా తీసుకుందాం.

తొక్కిన క్షణంలోనే తడబడితే: యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజినులోకి గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది. పెట్రోలు గాలికంటే బరువైనది కనుక కాస్త వెనుకబడుతుంది. ఆ లోటు తీర్చేందుకు కార్బురేటర్‌లోని చిన్న పంపు అదనంగా పెట్రోలు చిమ్ముతుంది. ఏళ్లు గడిచి దాని డయాఫ్రమ్ గట్టిపడినా, చిరిగినా పికప్ దెబ్బతింటుంది. చల్లారిన ఇంజినును ఆపి ఉంచి, గాలి ఫిల్టర్ తీసి, మీటను చేత్తో కదిపితే సన్నని ధార వెంటనే కనిపించాలి. ఈ పరీక్షను మెకానిక్ చేత చేయించండి; దగ్గర్లో నిప్పు ఉండరాదు. పగిలిన వాక్యూమ్ గొట్టం వల్లా ఇదే తడబాటు రావచ్చు.

ఎత్తు ఎక్కేటప్పుడు, నిలకడగా తొక్కుతున్నా బలం తగ్గిపోతే: పెట్రోలు చాలినంత అందడం లేదని అనుమానించాలి. పెట్రోలు ఫిల్టర్, ఆపైన పంపు చూడాలి.

కుదుపులతో మిస్సింగ్ వస్తే: ప్లగ్గులు, వాటి తీగలు చూడాలి. ఇది మూడు సిలిండర్ల ఇంజిను. ఒక్క ప్లగ్గు పనిచేయకున్నా మూడో వంతు బలం పోయినట్లే. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లని మసి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైందని అనుమానించాలి. గాలి ఫిల్టర్ మూసుకుపోయినా అలా కావచ్చు.

ఇంజిను శబ్దం పెరిగినా బండి వేగం పెరగకపోతే: లోపం ఇంజినులో కాదు, క్లచ్ జారుతోంది.

ఫిల్టర్లు, ప్లగ్గులు, గొట్టాలు తక్కువ ఖర్చుతో చూడదగినవి, వాటితోనే మొదలుపెట్టండి. కార్బురేటర్ మార్చే మాట చివరిది. ఒకసారికి ఒకే మార్పు చేసి, నడిపి చూడండి. లేకుంటే దేనివల్ల నయమైందో తెలియదు. లోపం సరిదిద్దేవరకు ఓవర్‌టేక్ చేయకండి.

ఇక బండిని అమ్మదలిస్తే, తెలిసిన లోపాన్ని కొనేవారికి చెప్పడం మన బాధ్యత. పైన పొడి ధాన్యం పెట్టి అడుగున తడిదాన్ని దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించారు. పొడిగుడ్డతో తుడిచి మెరిపించిన పాత కారుకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. రేపు దాని వెనుక సీట్లో కూర్చునేదీ ఒక కుటుంబమే.