నీడ వెంట తెచ్చుకోవాలట!

ఏప్రిల్ 11 పొద్దున ఎనిమిదింబావుకి మావాడు యూనిఫాం వేసుకుని, బూట్లు తొడుక్కుని, బ్యాగు తగిలించుకుని లిఫ్టు ముందు నిలబడ్డాడు. సెలవులని వారం ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను. క్యాలెండర్లో ఎర్ర స్కెచ్ పెన్నుతో గళ్లు కొట్టి చూపించాను. స్కూలు బొమ్మ మీద ఇంటూ మార్కు పెట్టిన కార్డు ఫ్రిజ్‌కి అంటించాను. పన్నెండేళ్ల వాడికి అవన్నీ ఎంత ఎక్కాయో తెలీదు గానీ, ఎనిమిదింబావు మాత్రం బాగా ఎక్కింది. సరే పదమని తీసుకెళ్లాను. గేటుకి తాళం. 'ఇవత్తు స్కూల్ ఇల్ల మేడమ్, రజా' అన్నాడు వాచ్‌మన్, ఈరోజు బడి లేదు, సెలవు అని. మావాడు గేటు ఊచలు పట్టుకుని, లోపలి ఖాళీ ఉయ్యాల వైపు చూస్తూ నలభై నిమిషాలు కదల్లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో ఇలాంటి పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. లేనివాళ్లకి చెబితే 'కాస్త మొండివాడు కదండీ' అంటారు.

దానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, ఏప్రిల్ 2న, అదే ఆవరణలో టీచర్లూ పిల్లలూ నీలం చొక్కాలేసుకుని ఫొటోలు దిగారు. ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఐక్యరాజ్య సమితి 2007లో తీర్మానం చేసింది, మరుసటి ఏడు నుంచీ లోకమంతా జరుపుతోంది. నీలం బ్యానరు, నీలం క్రీము పూసిన కేకు, నీలం బెలూన్లు. బెలూన్ పగిలితే మావాడికి ప్రాణం పోయినంత పని. ఎవరి పేరు మీద ఆ పండగ చేశారో వాడు ఆ పూటంతా చెవులు మూసుకుని బాత్రూంలో కూర్చున్నాడు. ఫొటోల్లో వాడు లేడు మరి.

తొమ్మిది రోజుల అవగాహన, ఏడు వారాల తాళం. మా బెంగళూరు లెక్క ఇది.

ఈ ఏడు వారాల్లో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. 'సెలవుల్లో బాబుని ఎలా ఎంగేజ్ చేస్తున్నారు?' పక్కింటావిడ అడుగుతుంది, థెరపిస్టు అడుగుతుంది, ఆడపడుచు ఫోన్ చేసి అడుగుతుంది. ఈ 'ఎంగేజ్' అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల పిల్లలకి సెలవులొస్తే ఆడుకుంటారు. నా పిల్లాడికి సెలవులొస్తే వాణ్ణి 'ఎంగేజ్' చేయాలి, అదీ నేనే చేయాలి. పొద్దున పూసలు గుచ్చించు, పదింటికి బంకమట్టి, పదకొండింటికి పజిల్, సాయంత్రం నడక, అన్నీ చార్టు మీద టిక్కు పెట్టు. ఎవరికీ చప్పుడు వినిపించకూడదు, ఎవరి కంటా పడకూడదు. ఊరు ఊరంతా చేతులు దులుపుకుని, ఆ దులిపినదంతా ఒక తల్లి కొంగులో పోయడానికి ఇంగ్లీషువాడు కనిపెట్టిన మాటలా ఉంటుంది నాకు.

క్యాంపులకి పంపొచ్చుగా అంటారు. ఏప్రిల్ వస్తే కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా కరెంటు స్తంభానికొక క్యాంపు బోర్డు. రోబోటిక్స్, కుండలు చేయడం, గుర్రపుస్వారీ, వేదగణితం. ఒకచోటికి వెళ్లాను. పేరు చెప్పను. గోడ మీద ఇంద్రధనుస్సు బొమ్మ, దాని కింద 'అందరూ మనవాళ్లే' అని రాసి ఉంది. కోఆర్డినేటరమ్మాయి చక్కగా నవ్వింది. వారానికి ఆరు వేలంది. సరే. మావాడి సంగతి చెప్పాను. నవ్వు చెరగలేదు, మేం పూర్తిగా ఇన్‌క్లూజివ్ మేడమ్ అంది. మరుక్షణం, 'షాడోని మాత్రం మీరే తెచ్చుకోవాలి' అంది. షాడో అంటే మావాడి వెంటే ఉండి చూసుకునే మనిషి. రోజుకి వెయ్యి రూపాయలిస్తే దొరుకుతుంది, అదీ ఏప్రిల్లో దొరికితే. నడినెత్తిన ఎండ కాస్తుంటే, నీడ మీరే కొనుక్కుని తెచ్చుకోండని చెప్పే ఊరు ఇది! ఇంకా ఉంది. షాడోకి మధ్యాహ్నం తిండి ఛార్జీ విడిగా కట్టాలట.

'మీలాంటి వాళ్లు ఒకరిద్దరే వస్తారు మేడమ్, వాళ్ల కోసం స్టాఫ్‌ని పెట్టలేం' అని కూడా అంది. ఒకరిద్దరా? 2018లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో దేశంలోని అయిదు ప్రాంతాల పిల్లల్ని చూశారు. మన హైదరాబాదు అందులో ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసు పిల్లల్లో సుమారు ఎనిమిదో వంతు మందికి ఏదో ఒక సమస్య ఉందని తేలింది. ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం, చదువులో ఇబ్బంది, ఇలా అన్నీ కలిపిన లెక్క. ఎనిమిది మందిలో ఒకరు! వాళ్లంతా ఎక్కడున్నారంటారా? తలుపులేసుకుని ఇళ్లల్లో ఉన్నారు. రాలేని చోటికి రాలేదు గనక లేరని తేల్చేశారు.

ఇప్పుడు చట్టం మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. చూశారా, అది కూడా వేసవి సెలవుల్లోనే! పాత చట్టంలో వైకల్యాలు ఏడు, ఇందులో ఇరవై ఒకటి, వాటిలో ఆటిజం ఉంది. సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపున్న బడులు మా పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి. చదువు ఒక్కటే చెబితే సరిపోదు, ఆటలూ వినోదమూ మిగతా పిల్లలతో సమానంగా అందించాలి. అంటే బడి ఆవరణలో, బడి పేరుతో సమ్మర్ క్యాంప్ పెట్టి మావాడికి సీటు లేదంటే అది దయాదాక్షిణ్యాల విషయం కాదు, చట్టాన్ని మీరడమే అని నేనంటాను. సెక్షన్ 29 ఇంకా తమాషా. స్కౌటింగ్, డాన్స్, బొమ్మల క్లాసులు, ఔట్‌డోర్ క్యాంపులు, సాహస కార్యక్రమాలు, వీటన్నింట్లో మావాళ్లు పాల్గొనే వీలు కల్పించాలని అందులో ఉంది. క్యాంపులు అనే మాటే ఉంది! ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ చేయాల్సిన పని అది. ఎవరైనా చేశారా? దివ్యాంగులని దివ్యమైన పేరొకటి పెట్టి దండం పెట్టారు, సరిపోయింది. ఇక చట్టం మీరితే మొదటిసారి జరిమానా గరిష్ఠంగా పది వేలు. రెండు వారాల క్యాంపు ఫీజంత కూడా లేదు.

థెరపీ సెంటర్ల సంగతి ఇంకో రకం. నాకు వాళ్ల మీద కృతజ్ఞత ఉంది. మావాడు తొమ్మిదో ఏట చెయ్యి చాపి 'నీళ్లు' అని అడిగాడంటే అది ఒక స్పీచ్ థెరపిస్టు ఏడాదిన్నర పట్టు వదలకుండా కూర్చున్నందుకే. కాదనను. కానీ వేసవి రాగానే వాళ్ల కళ్లు కూడా మెరుస్తాయి. 'సమ్మర్ ఇంటెన్సివ్' అంటారు. రోజుకి నాలుగు గంటలు, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), స్పీచ్, బిహేవియర్. ఇప్పుడు గ్యాప్ ఇస్తే రిగ్రెస్ అవుతాడని, అంటే నేర్చుకున్నది మర్చిపోతాడని, ఒక్క మాట గుండెల్లో గుచ్చుతారు, అప్పు చేసైనా కట్టేస్తాం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని చెప్పిందల్లా చేసిన పిల్లాడికి ఎండాకాలంలో కూడా కుర్చీయేనా? మీ పిల్లలు మామిడితోటలో ఉంటే నా పిల్లాడు ఏసీ గదిలో క్లిప్పులు నొక్కుతూ కూర్చోవాలా? రిగ్రెషన్ నిజమే. అలిసిపోవడం కూడా నిజమే కదా.

పోయినేడు వారం రోజులు మా పుట్టింటికి, కదిరి తీసుకెళ్లాను. డాబా మీద మా అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, గిన్నెలో ఇంకా పొగలు పోతున్న పిండి. మావాడు కాసేపు నిలబడి చూసి, ఆమె చేతిలో గరిటె లాక్కున్నాడు. మొదటిది పోశాడు. దాని పక్కనే, వేలెడంత ఎడం వదిలి, ఇంకోటి. ఒక వరస నిండగానే వంగి, ఒక కన్ను మూసి, తాడు పట్టినట్టు చూసుకున్నాడు. ఒకటి రవ్వంత పక్కకి పోతే వేలితో గీకేసి మళ్లీ పోశాడు. నేను అలవాటు కొద్దీ 'వెరీ గుడ్, హై ఫైవ్' అంటూ మొదలుపెట్టాను. 'నువ్వు గమ్మునుండు, వాడు మనకన్నా బాగా పెడతాండాడు' అని కసిరింది అమ్మ. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరూ ఒక్క మాట లేకుండా పెట్టారు. పదిహేడు వరసలు. సాయంత్రం వాడే వెళ్లి ఎండిందో లేదో ముట్టుకుని చూసొచ్చాడు. దాన్ని ఎవరూ యాక్టివిటీ అనలేదు.

అయితే కదిరిలోనే ఉండిపోవచ్చుగా అనే తెలివైనవాళ్లు కూడా ఉన్నారు. అమ్మకి డెబ్బై మూడేళ్లు. మోకాళ్లు పోయాయి. ఆ వారంలోనే ఒకరోజు వాడు వీధి తలుపు తీసుకుని బస్టాండు దాకా వెళ్లిపోయాడు. ఒక అవ్వ మీద భారం వేసి దేశం తప్పుకోవాలనుకుంటోందా?

బెంగళూరులో వాడికి ఇష్టమైనవి రెండు. మొదటిది నీళ్లు. ఒక బకెట్టు, ఒక మగ్గు ఇస్తే రెండు గంటలు కూర్చుంటాడు, పై నుంచి పోసి ఆ ధార వైపు తల వంచి చూస్తాడు. 2024 మార్చిలో ఊళ్లో నీళ్లకి కటకటలాడి, ఈతకొలనుల్లో తాగునీరు వాడొద్దని జలమండలి ఆదేశించింది. తప్పని నేననను. ట్యాంకరు కోసం రాత్రి రెండింటి దాకా మేలుకున్నదాన్నే నేను. ఆ ఎండాకాలం వాడికి అర బకెట్టే ఇచ్చాను. మిగతా సగం ఎక్కడ పోయిందని వాడు బకెట్టు తిరగేసి చూశాడు.

రెండోది మెట్రో. మా కె.ఆర్.పుర స్టేషన్లో ఎక్కి కబ్బన్ పార్కులో దిగడం. మాటలు పెద్దగా లేని మావాడు 'ముందిన నిల్దాణ' (తర్వాతి స్టేషన్) అని స్పీకర్లోంచి వచ్చే గొంతు కన్నా అర సెకను ముందే, అదే రాగంలో అంటాడు. బెన్నిగానహళ్లి, బయ్యప్పనహళ్లి, స్వామి వివేకానంద రోడ్డు, ఇందిరానగర, హలసూరు, ఒక్కటీ తప్పడు. ఎం.జి.రోడ్డు దాటాక బండి భూమిలోకి దిగుతుంది. కిటికీ నల్లబడి, అద్దంలో వాడి మొహం వాడికి కనపడుతుంది. అప్పుడు నవ్వుతాడు. ఆ నవ్వు కోసం నేను రోజుకి రెండుసార్లు టికెట్టు కొంటాను. 2023 వేసవిలో కె.ఆర్.పురకీ బయ్యప్పనహళ్లికీ మధ్య రెండు కిలోమీటర్ల లైను ఇంకా కలవలేదు, అక్టోబరు 9న గానీ తెరవలేదు. ఆ రెండు కిలోమీటర్లూ బస్సెక్కమంటే వాడి ప్రపంచమే తెగిపోయింది. పాట మధ్యలో రికార్డు గీరుకుపోయినట్టు ఏడ్చాడు.

మొన్న అదే రైల్లో, వాడు ఊగుతూ స్టేషన్ల పేర్లు చెబుతుంటే ఎదురు సీటులో ఒక పెద్దమనిషి, మన తెలుగాయనే, భార్యతో 'ఈ కాలం పిల్లల్ని ఫోన్లిచ్చి పాడు చేస్తున్నారు' అన్నాడు. నాకు తెలుగు రాదనుకున్నాడు పాపం. అవునయ్యా, ఇస్తాను ఫోను. నేను స్నానం చేయాలి. అన్నం దించాలి. మా ఆయన తలుపేసుకుని మీటింగులో ఉంటాడు, ఆ తలుపుకి ఎవరూ వంక పెట్టరు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన తల్లి మనసు చల్లబడిపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని ఏకంగా ఒక పుస్తకం రాశాడు. శాస్త్రం ఆ మాటని ఎప్పుడో పారేసింది. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు ఇంకా పారెయ్యలేదు.

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. దాని కొడుక్కీ ఆటిజమే. వేసవిలో కూడా వాడికి బడి ఉంది, బడి బస్సు ఇంటికొస్తుంది, పైసా కట్టక్కర్లేదు. అదేదో అమెరికావాడి పెద్దమనసు అనుకునేరు. వాళ్ల పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలో బడి ఏడాదికి 180 రోజులే అనే నిబంధన ఉండేది. వేసవిలో నేర్చుకున్నదంతా మర్చిపోతున్న పిల్లల తల్లిదండ్రులు దాని మీద కోర్టుకెక్కారు. 1979లో, ఆ నిబంధన ఇలాంటి పిల్లల చదువు హక్కుని కాలరాస్తోందని తీర్పొచ్చింది. ఈనాటికీ అందరికీ ఇవ్వరు, ఒక్కో పిల్లాడి అవసరం చూసి తేలుస్తారు, మా చెల్లెలు రెండేళ్లు పోట్లాడి సంపాదించింది. కానీ పోట్లాడటానికొక బల్ల ఉంది, అవతల కూర్చుని జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నాడు.

ఇక్కడ నేనేమైనా గొంతెమ్మ కోరికలు కోరుతున్నానా? బడి మైదానం పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా తెరవండి. ఒక ఆయా, ఒక పీటీ సారు, ఉయ్యాల, ఇసుక, ఒక తొట్టెడు నీళ్లు. కబ్బన్ పార్కులోని బాలభవన్లో వారానికి ఒక్క పూట మైకు కట్టేసి, జనాన్ని తగ్గించి, మా పిల్లల్ని 'పుటాణి' బుల్లి రైలెక్కనివ్వండి. ఎక్కిన బోగీలోనే పదిసార్లు ఎక్కుతామన్నా విసుక్కోకండి. క్యాంపులవాళ్లు ఫీజులోనే నీడని కలిపి, ఆ ఖర్చు అందరికీ పంచండి. లిఫ్టు ఖర్చు మొదటి అంతస్తువాళ్లూ కట్టడం లేదా?

ఈసారి ఏప్రిల్ దాకా ఆగలేదు. ఫిబ్రవరిలోనే, మా స్కూల్లో మావాడి లాంటి పిల్లలున్న ఆరుగురు తల్లులం సంతకాలు పెట్టి ఉత్తరం ఇచ్చాం. మైదానం రెండు గంటలు, ఆయా జీతం మేమే పంచుకుంటామని కూడా రాశాం. పది రోజులకి ఫోనొచ్చింది. చాలా మర్యాదగా, 'మేనేజ్‌మెంట్ పాలసీ ఒప్పుకోదు మేడమ్' అన్నారు. అలాగేనండీ, ఆ మాటే సెక్షన్ 16 నంబరు వేసి కాగితం మీద రాసివ్వండి అన్నాను. చూసి చెబుతామన్నారు. మార్చి వెళ్లిపోయింది. ఆ కాగితం ఇంకా రాలేదు.