ఆయాసాన్ని వయసు మీదికి నెట్టకండి

‘డెబ్బై దాటాయి, ఆ మాత్రం ఆయాసం రాదా?’ మన ఇళ్లలో ఈ మాటతోనే నెలలు గడిచిపోతాయి. నిరుడు గబగబా మేడ ఎక్కిన పెద్దాయన ఈ ఏడు సగం మెట్ల దగ్గరే ఆగి గోడ పట్టుకుంటున్నాడంటే, గుండె వాల్వుకు సున్నం (కాల్షియం) పట్టి ఉండవచ్చు.

గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం వెళ్లే గుమ్మం బృహద్ధమని వాల్వు. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. అది 1 చదరపు సెంటీమీటరుకు చిక్కిపోయినా చాలామందికి తెలియదు. గుండె గోడలు మందమెక్కుతూ ఎలాగో నెట్టుకొస్తాయి. ఆ ఓపిక అయిపోయాక నడిస్తే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు నొప్పి, పనిలో ఉండగా కళ్లు తిరిగి పడిపోవడం. గుండె అలసిపోయి ఆయాసం మొదలయ్యాక వాల్వు మార్చకుండా వదిలేస్తే మిగిలే ఆయుష్షు సగటున రెండేళ్లే. నూటికి ఒకరిద్దరికి ఈ వాల్వులో మూడు రెక్కలకు బదులు పుట్టుకతోనే రెండుంటాయి. వాళ్లకు ఈ బెడద ఇంకా ముందే వస్తుంది.

వాల్వుకు సున్నం పట్టడాన్ని బోరు నీళ్లు కాచిన గిన్నెకు పట్టే తెల్లపొరతో పోలుస్తారు. సగమే నిజం. వాల్వులోని కణాలే ఎముక కట్టే కణాల్లా మారిపోతాయి. కొన్ని వాల్వుల్లో అచ్చమైన ఎముకే కనిపించింది. కాబట్టి ‘సున్నం కరిగించే’ కషాయాలకు డబ్బు తగలేయకండి. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు గుండెపోటు ముప్పును తగ్గిస్తాయి కానీ, అవీ వాల్వును మెత్తబరచలేవు. పాలు, పెరుగు మానక్కర్లేదు. కాల్షియం మాత్రల సంగతిపై మాత్రం పరిశోధకుల వాదన ఇంకా తెగలేదు. ఎవరో చెప్పారని 6 లక్షల యూనిట్ల డి విటమిన్ సూదులు పదేపదే పొడిపించుకోవడం మరీ ప్రమాదం, రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

సున్నం వాల్వుకే కాదు, గుండె రక్తనాళాలకూ పడుతుంది. దాన్ని సీటీ స్కాన్‌తో కొలుస్తారు. స్కోరు 400 దాటితే ముప్పు ఎక్కువ. స్కోరు సున్నా వచ్చింది కదా అని ఛాతీ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు, మెత్తటి కొవ్వు పొర ఈ లెక్కలోకి రాదు. షుగరు, బీపీ, పొగ తాగే అలవాటు ఉన్నవాళ్లు జాగ్రత్త. కిడ్నీలు చెడితే భాస్వరం బయటికి పోక రక్తనాళాలు త్వరగా గట్టిపడతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ మీద ఉన్నవారి ఇంటివాళ్లు ఈ సంగతి డాక్టరును తప్పక అడగాలి.

వాల్వు ఇరుకును పట్టుకోవడం కష్టం కాదు. స్టెతస్కోపులో గరగర వినిపిస్తుంది, ఎకో పరీక్షలో తేలిపోతుంది. 2002లో ఫ్రాన్సులోని రువాఁలో గుండె వైద్యుడు అలాఁ క్రిబియే ఛాతీ కోయకుండా రక్తనాళం గుండా కొత్త వాల్వు అమర్చాక, ఎనభై దాటినవారికీ దారి దొరికింది.

ఈలోగా ఒక్కటి. ఛాతీ నొప్పి అనగానే పక్కింటివాళ్ల సార్బిట్రేట్ మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టకండి. వాల్వు ఇరుకైన మనిషికి దానితో బీపీ దభాలున పడిపోవచ్చు. ముందు 108కి ఫోన్ చేయండి.