దిగుమతి సరుకా?

పుదుచ్చేరి రేవుపట్టణము. ఏది ఓడలో వచ్చినదో, ఏది ఈ నేలను పండినదో ఇచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ఊర ఒక గోష్ఠియందు ఇటలీ రచయిత్రి సిబిల్లా అలెరామోను గూర్చి నేను ప్రసంగింపగా, ఒక పెద్ద లేచి, “ఇది పడమటి సరుకు, మన ఇండ్ల కెందుకమ్మా?” అనిరి. సభ నవ్వినది. నాడు చెప్పలేని సమాధానము నేడు చెప్పుచున్నాను.

నవల, రైలు, అచ్చుయంత్రము పడమటినుండి వచ్చినవే. వాని నెవ్వరు కాదనిరి? హిందీనుండి నేను తెనిగించిన పుస్తకములను గూర్చియు ఎవ్వరును ఇట్లడుగలేదు. స్త్రీ తనకొఱకు తాను పలికిన మాటకు మాత్రమే ఈ సుంక మేల?

అలెరామో 1876లో జన్మించినది. తన్ను బలాత్కరించినవానికే ఆమెను పదునారేండ్లకు కట్టబెట్టిరి. 1906లో వెలువడిన ‘ఒక స్త్రీ’ నవల ఆ బ్రదుకునుండి పుట్టినదే. అందలి నాయిక కన్నకొడుకును విడిచి ఇల్లు వెడలును. పిమ్మట అలెరామో కవితలు, నాటకము కూడ వ్రాసినది. కాని విమర్శకులు ‘తల్లి ఎట్లు విడిచినది?’ అనుచోటనే నిలిచిపోవుదురు. బిడ్డపై హక్కును నాటి చట్టము తండ్రికే ఇచ్చినదన్న సంగతి వారికి తోచదు.

మన భండారు అచ్చమాంబ 1874లో పుట్టి 1905లో గతించినది. ‘ఒక స్త్రీ’ అచ్చగునాటికి ఆమెయే లేదు. ఇక అనుకరణ మెక్కడిది? తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుచుండగా తానును తెలుగు, హిందీ నేర్చినది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ వ్రాసినది. స్త్రీలు బుద్ధిహీనలనువారికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో చరిత్రతోనే బదులు చెప్పినది. ఎనుబదియేండ్ల పిమ్మట, 1987లో, ఓల్గా ‘స్వేచ్ఛ’ వెలువడగా మరల అదే ఆక్షేపణ వినవచ్చినది. పుట్టినింటి ఆంక్షలనుండి పెండ్లి విడిపించునని నమ్మి మోసపోయిన అరుణ ఏ ఓడలో దిగినది? అట్టి ఆడుబిడ్డ లేని వీధి తెలుగునాట కలదా?

ఒకే తీరు ఇండ్లు ఒకే ప్రశ్నను పుట్టించును. అది దిగుమతి కాదు, సామ్యము. అనువాదకుని పని ఆ సామ్యమును కనబఱచుట.

తుదకొక్క మాట. అచ్చమాంబ తన గ్రంథమును మూడు భాగములుగ తలపెట్టినది. మూడవది పరదేశ స్త్రీల చరిత్రములకు. మృత్యువు దానిని సాగనీయలేదు. ఆ పెద్దకు నా సమాధానమిదే: అయ్యా, అలెరామోను తెనిగించుట పరాయి సరుకు దింపుట కాదు; మన యాడుబిడ్డ ఖాళీగ విడిచిపోయిన పుటలలో ఒకదానిని నింపుట.