డిగ్రీ పట్టా ఉంటే ఉద్యోగం వస్తుందా?



డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో సంఘంలో రెండు రకాల మనవులు వింటాము. ఒక ఇంటివారు కృతజ్ఞత కానుక తెస్తారు. మరొక ఇంటివారు, "అయ్యగారూ, మావాడు డిగ్రీ పాసై రెండేళ్ళయింది, ప్రార్థన చేయండి" అంటారు. ఈ రెండో మాట విన్నవారు కొందరు, "డిగ్రీ దండగ, ఏదైనా పనిలో పెడితే ఈపాటికి సంపాదించేవాడు" అని తేల్చేస్తున్నారు. ఆ మాటతో మేము ఏకీభవించము.

పొలమో, దుకాణమో, పెద్ద హోదాలో బంధువో ఉన్నవారి పిల్లలకు పట్టా లేకపోయినా దారి దొరుకుతుంది. కూలికి వెళ్ళి చదివించే తల్లిదండ్రుల పిల్లలకు ఆ కాగితం తప్ప వేరే సిఫారసు లేదు. గ్రూప్‌-2 పరీక్షకు డిగ్రీ లేకపోతే దరఖాస్తే తీసుకోరు. మన కాకినాడలో 1884 నాటి పి.ఆర్‌. కాలేజీ ఉంది. కెనడా బాప్టిస్టు మిషనరీల జ్ఞాపకంగా మెక్లారిన్‌ హైస్కూలు ఉంది. 1946లో మొదలైన ఇంజనీరింగ్‌ కాలేజీ 2008లో జె.ఎన్‌.టి.యు.కె. విశ్వవిద్యాలయమైంది. ఇన్ని చదువుల గుమ్మాలు దగ్గరలో ఉండగా, మన పిల్లలను మనమే వెనక్కి లాగకూడదు.

అయితే పట్టా గేటు తీస్తుంది గాని కుర్చీ ఇవ్వదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల నియామకాలు గుర్తు చేసుకోండి. లక్షకు పైగా పోస్టులకు 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పంచాయతీ కార్యదర్శికి డిగ్రీ అడిగారు. ఇంజనీరింగ్‌ అసిస్టెంటుకు సివిల్‌ డిప్లొమా గాని, ఇంజనీరింగ్‌ డిగ్రీ గాని ఉండాలన్నారు. కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంటుకైతే ఎలక్ట్రికల్‌ ఐ.టి.ఐ. వంటి చదువు కావాలన్నారు, స్తంభం ఎక్కించి చూశారు. అక్కడ బి.ఏ. పట్టా పనికిరాలేదు. కాబట్టి "డిగ్రీ ఉందా?" అన్నది సగం ప్రశ్నే. "ఏ పనికి, ఏ చదువు?" అన్నది అసలు ప్రశ్న.

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము చూడండి. ఆ నలుగురు యౌవనులకు మూడేండ్ల శిక్షణ నియమించారు. మన డిగ్రీ కాలమంత! ఆ గడువు తీరాక రాజు వారిని ఎదుట నిలబెట్టి మాట్లాడి చూశాడు. మూడేండ్లు పూర్తి చేసినందుకు కాదు, అడిగినవాటికి జ్ఞానముతో జవాబు చెప్పినందుకు వారిని కొలువులో ఉంచుకున్నాడు. పౌలు గమలీయేలు పాదాల వద్ద చదివినవాడు, అయినా డేరాలు కుట్టే వృత్తి వదలలేదు. చదువూ చేతిపనీ ఒకదానికొకటి శత్రువులు కావు.

తల్లిదండ్రులారా, కాలేజీలో చేర్చకముందే, అక్కడ చదివి బయటికి వచ్చిన పిల్లలు ఏం చేస్తున్నారో వాకబు చేయండి. కాలేజీవారి ఫ్లెక్సీ చూసి వడ్డీకి అప్పు తేవద్దు. యౌవనులారా, తప్పిన సబ్జెక్టులు మిగిల్చుకోవద్దు. 2020-21 నుండి మన రాష్ట్రంలో డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్‌ పెట్టారు. దానిని ఎక్కడో సంతకం చేయించుకుని వదిలేస్తే నష్టపోయేది మీరే. నిజంగా ఒక ఆఫీసులోనో, రొయ్యల ప్లాంటులోనో పని నేర్చుకోండి. నలుగురిలో నిలబడి మాట్లాడడానికి సండే స్కూలులో పాఠం చెప్పడం మంచి అభ్యాసం.

సంఘముగా మన బాధ్యత కూడా ఉంది. డిగ్రీ పాసైనవారికి శాలువా కప్పుతున్నాము. ఐ.టి.ఐ. పూర్తి చేసిన కుర్రవాడికీ, నర్సింగు నేర్చుకున్న అమ్మాయికీ అదే శాలువా కప్పాలి. ఉద్యోగం రాని బిడ్డను గుడి గుమ్మంలో ఆపి "ఇంకా ఖాళీయేనా?" అని అడగడం మానాలి. ఆ మాటకు జడిసి ఆరాధనకు రావడమే మానేసిన పిల్లలున్నారు. దానికి బదులు, మీరు పనిచేసే చోట ఖాళీ ఉంటే ఆ బిడ్డకు చెప్పండి. అప్పుడు మన ప్రార్థనకు కాళ్ళు వస్తాయి.

ప్రభువు మన బిడ్డల చదువును, వారి చేతుల పనిని దీవించును గాక. ఆమేన్‌.